కొత్త ఎస్‌యూవీ వెంటనే కొనాలా, ఆగాలా? హన్మకొండ షోరూంలో నా అనుభవం

బుకింగ్ పైసలు నిన్న సాయంత్రం తిరిగి ఖాతాలో పడ్డాయి కాబట్టి కొంచెం నిమ్మళంగా రాస్తున్నాను, మొన్న రాసి ఉంటే ఇందులో సగం తిట్లే ఉండేవి. బండి పేరు, షోరూం పేరు చెప్పను. మన దగ్గర కార్లు కొన్నవాళ్లు చదివితే ఎవరికి వాళ్లకు వాళ్ల షోరూమే గుర్తొస్తుంది, అది చాలు.

నాకు పరకాలలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది, ఇల్లు హన్మకొండలో. రోజూ ఆత్మకూరు, గూడెప్పాడ్ మీదుగా పోయి రావాలి, సీజన్‌లో ఊళ్ల మీద కూడా తిరగాలి. ఉన్నది 2013 డీజిల్ కారు. ఇంజన్‌కు ఏం కాలేదు గానీ సస్పెన్షన్ పూర్తిగా పోయింది, కింద తగలని స్పీడ్ బ్రేకర్ లేదు. నాకు కావాల్సింది కొంచెం ఎత్తున్న డీజిల్ బండి, గేర్లు మాన్యువల్ అయినా ఫర్వాలేదు, అన్నీ కలిపి పదహారు, పదిహేడు లక్షల్లో అయిపోవాలి. సరిగ్గా అప్పుడే ఈ కొత్త ఎస్‌యూవీ వచ్చింది, మా బావమరిదికి నిద్ర పట్టకుండా పోయింది.

కొనేది నేను, ఆత్రం వాడిది. "బావా, ఇప్పుడు బుక్ చెయ్యకపోతే రేటు పెరుగుతది, మళ్ల ఏడాది ఆగాలె" అని రోజూ ఫోన్. వాడి మాటలో అసలు నిజం లేదని అనను. 2020 డిసెంబర్‌లో నిస్సాన్ మాగ్నైట్ 4.99 లక్షల నుంచి మొదలైంది, జనవరి రాగానే బేస్ మోడలే 5.49 లక్షలైంది. 2021 అక్టోబర్ 7న మహీంద్రా ఎక్స్‌యూవీ 700 బుకింగ్ తెరిస్తే 57 నిమిషాల్లో 25 వేల బుకింగులు అయిపోయాయి, తర్వాత వచ్చినవాళ్లకు రేటు పెంచారు. 2022 జులై 30న స్కార్పియో ఎన్‌కు అరగంటలో లక్ష బుకింగులు, 2024 అక్టోబర్ 3న థార్ రాక్స్‌కు గంటలో లక్షా డెబ్బై ఆరు వేలు. ఇవన్నీ చూసినవాళ్లకు భయం పట్టడంలో వింత లేదు.

కానీ మా తోడల్లుడి సంగతి కూడా వినండి. ఆయన 2025 జూన్‌లో పెద్ద డీజిల్ ఎస్‌యూవీ కొన్నాడు. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లు, 1500 సీసీ దాటిన ఎస్‌యూవీల మీద అప్పటిదాకా జీఎస్టీ 28, దాని మీద సెస్ అనే అదనపు పన్ను 22, కలిపి యాభై శాతం ఉండేది, అది నలభై అయింది. దసరాకు అదే బండి లక్షకు పైన తగ్గి వాళ్ల వీధిలోనే ఇంకొకాయన ఇంటి ముందు నిలబడింది. ఇప్పుడు ఏ ఫంక్షన్‌లోనైనా కార్ల మాట ఎత్తితే మా తోడల్లుడు ప్లేటు పట్టుకొని వేరే టేబుల్‌కు పోతాడు.

సరే, ఫోన్‌లోనే బుకింగ్ చేశాను, టీ తాగేలోపు అయిపోయింది. బ్యాంకులో లోన్ కూడా ఒక్క పూటలో సరే అన్నారు, దుకాణం లెక్కలు, ఐటీ రిటర్నులు సరిగ్గా ఉన్నవాడికి అప్పు ఇవ్వడానికి వాళ్లకేం బాధ. టెస్ట్ డ్రైవ్‌కు పోతే ఉన్నది టాప్ మోడల్ టర్బో పెట్రోల్ ఆటోమేటిక్ ఒక్కటే, డీజిల్ మాన్యువల్ కావాలంటే హైదరాబాద్ పోవాలట. హంటర్ రోడ్డు మీద అటూ ఇటూ తిప్పాను, బాగానే ఉంది, కానీ నేను కొనబోయేది అది కాదు కదా. దోశ తినబోయేవాడికి పూరీ రుచి చూపించినట్టు ఉంది వ్యవహారం.

యూట్యూబ్ వీడియోల మీద నాకు అసలు నమ్మకం పోయింది, ఈ మాట ఇక్కడే చెప్పేస్తా. కంపెనీ పిలిచిన చోటికి పోయి, కంపెనీ పెట్టిన హోటల్‌లో ఉండి, ఒక్క పూట నడిపి, డోర్ ధబ్ మని వేసి "బిల్డ్ క్వాలిటీ సూపర్" అంటారు. అదే బండి ఏడాది తర్వాత ఎట్లుందో చెప్పే వీడియో వెతకండి, దొరికేవి తక్కువే.

ఇక అసలు కథ కొటేషన్ దగ్గర మొదలైంది.

సేల్స్ కుర్రాడు మంచోడే, నర్సంపేట వైపు పిల్లగాడు, "అన్నా, అన్నా" అంటూ చాయ్ తెప్పించాడు. కాగితం ముందు పెట్టాడు. పైన ఎక్స్ షోరూం రేటు, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని బండి రేటు. దాని కింద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ అప్పుడు రాష్ట్రానికి ఒకేసారి కట్టేది. ఇది తప్పదు, పది లక్షలు దాటిన బండికి శ్లాబు కూడా ఎక్కువే. పాత కారు మన పేరు మీదే ఉండగా రెండోది కొంటే ఇంకో రెండు శాతం అదనం, కాబట్టి పాతది ముందు అమ్మి పేరు మార్పించుకోవడం మంచిది. తర్వాత టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఇన్‌కం ట్యాక్స్, ఒక శాతం. పది లక్షలు దాటిన బండికి ఇది కట్టాల్సిందే, కానీ అది మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. ఈ ముక్క నేనే ఆ కుర్రాడికి చెప్పాల్సి వచ్చింది, పాపం వాడు దాన్ని షోరూం చార్జీ అనుకుంటున్నాడు.

వాటి కింద ఇన్సూరెన్స్. చూడగానే కళ్లు తిరిగాయి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, తప్పనిసరి, సుప్రీంకోర్టు చెప్పాక 2018 సెప్టెంబర్ 1 నుంచి అమలవుతోంది. మన బండి డ్యామేజీకి కట్టేది మాత్రం ఏడాదికి తీసుకుంటే చాలు, ఎక్కడైనా తీసుకోవచ్చు. నక్కలగుట్టలో నా సోపతిగాడు ఇన్సూరెన్స్ ఏజెంటు, అక్కడికక్కడే ఫోన్ చేస్తే అదే జీరో డెప్రిసియేషన్‌తో (పార్టులు పాతబడ్డాయని క్లెయిములో కోత పెట్టని పాలసీ) చాలా తక్కువ చెప్పాడు. ఇంకా కిందికి పోతే హ్యాండ్లింగ్ చార్జీలు, టెఫ్లాన్ కోటింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, చివర్లో "ఎసెన్షియల్ కిట్" అని ముప్పై ఎనిమిది వేలు. ఆ కిట్‌లో ఏముందంటే మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, వాన లోపలికి కొట్టకుండా కిటికీల పైన అంటించే డోర్ వైజర్లు, బండి మీద కప్పే కవరు, ఒక సెంటు సీసా.

"ఇది వద్దు తమ్మీ, తీసెయ్" అన్నాను. వాడు మొహం కిందికి వేసుకొని "మేనేజర్ సార్‌ను అడగాలన్నా" అన్నాడు.

మేనేజర్ వచ్చాడు, టై కట్టుకొని. కిట్ లేకుండా అలాట్‌మెంట్ రాదన్నాడు, అంటే బండి నా పేరున కేటాయించరట. బయట ఇన్సూరెన్స్ అయితే డెలివరీ వెనక్కి పోతుందన్నాడు. ఎందుకు వెనక్కి పోతుందని అడిగితే "సిస్టమ్ అట్ల ఉంది సార్" అన్నాడు. నేను అడిగిన మిడిల్ వేరియంట్ డీజిల్ ఎప్పుడు వస్తుందో చెప్పలేనన్నాడు, సన్‌రూఫ్ ఉన్న టాప్ మోడల్ అయితే పది రోజుల్లో ఇస్తానన్నాడు. మే నెలలో మన వరంగల్ ఎండకు నెత్తి మీద అద్దం పెట్టుకొని తిరగడానికి రెండు లక్షలు ఎక్కువ కట్టాలట.

అయ్యా, నేను ఎరువుల వ్యాపారిని. ఈ లింకు వ్యవహారం నాకు చెప్తావా? యూరియా లారీ దిగాలంటే ఈ జింకు కూడా తీసుకో, ఈ గుళికలు కూడా తీసుకో అని పైనుంచి మా నెత్తిన రుద్దుతారు, మేం వాటిని రైతు నెత్తిన రుద్దితే వ్యవసాయాధికారి వచ్చి కేసు రాస్తాడు, లైసెన్సు ఆపుతాడు. 2025 వానాకాలం యూరియా కోసం రైతులు పొద్దున చీకట్లోనే లైన్లో చెప్పులు పెట్టి నిలబడ్డ రోజుల్లో కూడా నా దుకాణంలో ఎవరికీ లింకు పెట్టలేదు, గోదాంలో మిగిలిన జింకు బస్తాలు ఇప్పటికీ ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు. మూడు వందల రూపాయలు కూడా లేని బస్తాకు లింకు పెడితే నేరం, పదిహేను లక్షల బండికి పెడితే సిస్టమ్.

ఇదే మాట మేనేజర్‌తో అన్నాను, కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన తగ్గలేదు, హాలంతా వినపడేటట్టు "సార్, బడ్జెట్ ప్రాబ్లం అయితే మాకు సెకండ్ హ్యాండ్ సెక్షన్ కూడా ఉంది, పక్క గేటు నుంచి పోవాలి" అన్నాడు.

చుట్టూ జనం ఉన్నారు. సరిగ్గా అప్పుడే పక్కన ఒక బండికి రిబ్బన్ కట్టి, కొబ్బరికాయ కొట్టి తాళం ఇస్తున్నారు. ఆ తాళం తీసుకుంటున్నది ఎవరో చూస్తే మా దుకాణంలో కిందటేడాది పత్తి మందుల బాకీ ఇంకా కట్టని రైతు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, వాడు కొనిచ్చాడు, సంతోషమే. ఆయన నన్ను చూసి, మేనేజర్ మాట విని, నిజంగా జాలిపడి "ఏంది సేటూ, పైసలకు ఇబ్బందున్నదా? ఊకె అంత రంది పెట్టుకోకు, యాడికన్న పోవాలంటే నా బండి తీస్కపో" అన్నాడు.

నాకు ఉద్దెర ఉన్న మనిషి, నా ముందే, మందిలో. ఆయన వెటకారం చేసి ఉంటే తిరిగి ఒక మాట అనేవాణ్ణి, జాలి పడ్డ మనిషిని ఏమంటాం. సేల్స్ కుర్రాడు నేల చూస్తున్నాడు. మా బావమరిది బయట సెల్ఫీలు దిగుతున్నాడు, వాడికి ఇదేం తెలియదు. కొటేషన్ కాగితం మడిచి జేబులో పెట్టుకొని బయటికి వచ్చాను, పక్క గేటు నుంచి కాదు, ముందు గేటు నుంచే.

ఆ రాత్రి కోపం దిగాక ఆలోచించాను. కోపం పక్కన పెట్టినా వెంటనే కొనడానికి గట్టి కారణం దొరకలేదు. ఇంట్రడక్టరీ రేటు, అంటే మొదట్లో పెట్టే తక్కువ రేటు, అని టీవీలో మోగేది బేస్ పెట్రోల్ మోడల్‌ది. నా బుకింగ్ నిబంధనల్లో డెలివరీ రోజు ఏ రేటు ఉంటే అదే అని స్పష్టంగా ఉంది. స్కార్పియో ఎన్ అప్పుడు కూడా మొదటి 25 వేల మంది తర్వాత వాళ్లకు ఇదే పద్ధతి. అంటే ముందు కట్టి నేను లైన్లో చోటు కొనుక్కున్నాను తప్ప రేటు కొనుక్కోలేదు. ఇక భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులు 2023 అక్టోబర్ నుంచి ఉన్నాయి, కానీ కంపెనీకి అవి తప్పనిసరి కాదు, ఈ బండికి ఇంకా భద్రత స్టార్లు రాలేదు. ములుగు రోడ్డులో నా కారు చూసే మెకానిక్ అయితే "అన్నా, కొత్త మోడల్ల మొదటి లాట్‌ల సాఫ్ట్‌వేర్ లొల్లే ఎక్కువుంటది, అద్దం పలిగితే హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె, ఆరు నెలలు ఆగు" అన్నాడు. ఆయనకు నా పాత బండి మీద వచ్చే పని పోతుందన్న బాధ కూడా ఉండొచ్చు, అయినా మాటలో న్యాయం ఉంది.

మేడారం జాతరకు కొత్త బండిలో పోదామని పిల్లల కోరిక. మా ఇంటామె మాత్రం "తల్లులు బండి మోడల్ చూసి దీవిస్తరా, బస్సుల పోదాం" అంది, అక్కడితో ఆ పంచాయితీ తెగింది. బావమరిది కరెంటు బండి తీసుకో అన్నాడు, తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 చివరి దాకా వాటికి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, అది పెద్ద లాభమే. హన్మకొండలోనే తిరిగేవాళ్లు, ఇంట్లో చార్జింగ్ పెట్టుకోగలిగేవాళ్లు తప్పకుండా చూడండి. పత్తి చేల మధ్య తిరిగే నాకు ఇంకా ధైర్యం రాలేదు.

చివరికి బుకింగ్ క్యాన్సిల్ చేశాను. క్యాన్సిల్ చెయ్యడం తేలికే, పైసలు రావడమే కష్టం. షోరూంలో అడిగితే కంపెనీ నుంచి రావాలంటారు, కంపెనీకి ఫోన్ చేస్తే షోరూం వాళ్లు ఓకే చెయ్యాలంటారు. ఫోన్లు మానేసి బుకింగ్ నంబరు, కట్టిన రసీదు, వాళ్ల నిబంధనల్లో రిఫండ్ గురించి రాసిన వాక్యం పెట్టి ఈమెయిల్ పంపితే అప్పుడు కదిలింది. ఫోన్‌లో ఎంత అరిచినా లాభం లేదు, రాసి పంపండి. ఎవరైనా డెలివరీ దాకా పోతే టైరు మీద నాలుగు అంకెలు చూసుకోండి, 3525 అని ఉంటే 2025లో 35వ వారం తయారైందని అర్థం. ఛాసిస్ నంబరు పెట్టి బండి ఏ నెలలో తయారైందో కూడా రిజిస్ట్రేషన్‌కు ముందే అడగండి, తర్వాత అడిగి లాభం లేదు. హ్యాండ్లింగ్ చార్జీలకు విడిగా రసీదు ఇమ్మనండి, అప్పుడు చూడండి ఆ లైను ఎంత తొందరగా మాయమవుతుందో.

ఆ రైతు మొన్న దుకాణానికి వచ్చాడు, కొత్త బండిలోనే. పాత బాకీలో సగం కట్టాడు. కిట్‌లో ఇచ్చిన డోర్ వైజర్ ఒకటి రేగొండ దాటాక ఊడి పడిపోయిందట, దానికి గమ్ ఉంటదా సేటూ అని అడిగాడు.

ఈ పొద్దున షోరూం కుర్రాడి ఫోన్. ఎవరో వద్దన్నారట, మిడిల్ వేరియంట్ డీజిల్, గ్రే కలర్, వారంలో ఇస్తామన్నాడు, కిట్ అక్కర్లేదట గానీ ఇన్సూరెన్స్ మాత్రం వాళ్ల దగ్గరే తీసుకోవాలట. లెక్క అంతా వాట్సాప్‌లో పంపు, చూసి చెప్తానన్నాను. మధ్యాహ్నం అయింది, ఇంకా పంపలేదు.