పది డిజైన్లు, ఒక ఆడిటర్

పర్మాకల్చర్‌లో, అంటే ప్రకృతి నమూనాలను చూసి నేల, నీళ్ళు, ఇల్లు కలిపి డిజైన్ చేసే పద్ధతిలో, డిప్లొమా వచ్చిందని చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "అయితే తోట ఎన్నెకరాలు?" నాకు ఎకరాలు లేవు. మిద్దె మీద కుండీలున్నాయి, అవి కూడా ఎండాకాలంలో నలుగురికీ చూపించుకునేలా ఉండవు. నా డిప్లొమా ఫైల్లో ఉన్నవన్నీ వేరేవాళ్ళ నేలలు, వేరేవాళ్ళ నీళ్ళు, మధ్యలో ఒకావిడ మోకాళ్ళ నొప్పులు. నేను చేసేది ఆడిటింగ్. అంకె కనబడితే దానికి ఆధారం ఏదని అడగడం నాకు అలవాటు. మొక్కల మీద ప్రేమ కన్నా ఆ అలవాటే ఈ చదువులో నన్ను గట్టెక్కించిందని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

ముందు పీడీసీ సంగతి. పర్మాకల్చర్ డిజైన్ సర్టిఫికెట్ అన్నమాట. ఎవరైనా మొదట చేసేది ఇదే, 72 గంటల కోర్సు. 1970ల మధ్యలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బిల్ మాలిసన్, అప్పటికింకా విద్యార్థిగా ఉన్న డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి ఈ ఆలోచనకు రూపం ఇచ్చారు. 1978లో ఇద్దరి పేరుతో మొదటి పుస్తకం వచ్చింది. పదేళ్ళ తర్వాత, 1988లో, మాలిసన్ డిజైనర్ల కోసం ఓ లావుపాటి మాన్యువల్ రాశాడు. అందులోని 14 అధ్యాయాలే నేటికీ చాలా పీడీసీలకు సిలబస్. ప్రకృతిలోని నమూనాలు, వాతావరణం, చెట్లు, నీళ్ళు, మట్టి, మట్టిపని, తడి ఉష్ణమండలం, మెట్ట ప్రాంతం, చలి ప్రాంతం, చేపల చెరువులు, ఇలా సాగి సాగి చివరి అధ్యాయం సంఘాలు, ట్రస్టులు, డబ్బు చలామణి దగ్గర తేలుతుంది. సేద్యం నేర్చుకుందామని వచ్చినవాళ్ళు ఆ చివరి అధ్యాయం దగ్గర బిక్కమొహం వేస్తారు. నాకు మాత్రం అక్కడే ప్రాణం లేచొచ్చింది.

మామూలుగా పీడీసీలో రాత పరీక్ష అంటూ ఉండదు. చివర్లో గుంపుగా ఒక డిజైన్ గీసి, అందరి ముందు నిలబడి వివరించాలి. గుంపులో ఒకరు గీస్తారు, ఒకరు రంగులేస్తారు, ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు టీ తాగుతారు. సర్టిఫికెట్ అందరికీ వస్తుంది. అందుకే పీడీసీ చేసినంత మాత్రాన డిజైనర్ అయ్యారంటే నేను ఒప్పుకోను. ఆ 72 గంటలూ వృథా అని కాదు, కళ్ళు తెరుచుకోవడానికి అవి చాలు. కానీ ఇంకొకరి భూమిలో జేసీబీ దింపించడానికి చాలవు.

అక్కడి నుంచి దారులు రకరకాలు. మాలిసన్ నాటి పద్ధతిలో, పీడీసీ తర్వాత కనీసం రెండేళ్ళు పని చేసి, ఆ పని చూపించి డిప్లొమా అడగాలి. ఆస్ట్రేలియాలో జాతీయ వృత్తివిద్యా వ్యవస్థలోనే పర్మాకల్చర్‌ను చేర్చారు. అక్కడ సర్టిఫికెట్ల నుంచి డిప్లొమా దాకా మెట్లు మెట్లుగా ఎక్కవచ్చు. బ్రిటన్ పర్మాకల్చర్ అసోసియేషన్ వాళ్ళ పద్ధతి వేరు. ట్యూటర్ తోడుగా ఉంటారు, మనం పది డిజైన్లు చేసి పోర్ట్‌ఫోలియోగా పెట్టాలి. నేను పట్టుకున్నది ఈ పది డిజైన్ల దారినే. ఏ దారిలో వెళ్ళినా ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. చాలాచోట్ల ఇది లేకపోతే పని చేయకూడదనే చట్టం ఏదీ లేదు. ఆడిటర్‌గా నా సంతకానికి ఉన్న చట్టపరమైన విలువ ఈ డిప్లొమాకు లేదు. దీనికున్న బలమంతా ఫైల్లో ఉన్న పనిదే.

పది డిజైన్లు అనగానే పది తోటలనుకుంటారు. డిజైన్ అంటే గీసిన బొమ్మ కాదు, ఆ బొమ్మ వెనకున్న వరస. సర్వే, విశ్లేషణ, డిజైన్, అమలు, నిర్వహణ, మూల్యాంకనం, ఆపైన సవరణ. వీటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి ఒక మంత్రంలా పలుకుతుంటారు, అలాంటి మంత్రాలు ఈ రంగంలో మరీ ఎక్కువ. మంత్రం సంగతి అటుంచితే, వరస మాత్రం సరైనదే. అందరికీ ఉత్సాహం మూడో మెట్టు మీద. ట్యూటర్ల చూపు మొదటి రెండింటి మీద, చివరి రెండింటి మీద.

నాకు బాగా ఇష్టమైన డిజైన్ ఒకటి చెప్తాను. రిటైరైన దంపతులు. ఎకరం లోపు వాలు నేల, పైభాగంలో ఇల్లు. ఆయన అప్పటికే ఒక ప్లాను గీసి పెట్టుకున్నారు. కింద చెరువు, చుట్టూ పండ్ల చెట్లు, చెరువు గట్టు మీద సిమెంటు బెంచీ. మాట్లాడినంతసేపూ ఆయనే మాట్లాడారు. ఆవిడ పక్కన కూర్చుని వింటున్నారు. క్లయింట్ ఇంటర్వ్యూలో నేను అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది, అది ఆవిడ వైపు తిరిగి అడిగాను: "పొద్దున లేచాక ఇంట్లోంచి మొదట ఎటు వెళ్తారండీ?"

"ఎటూ వెళ్ళనండీ. వెనక తలుపు దగ్గర మెట్టు మీద కూర్చుంటాను. దిగితే మళ్ళీ ఎక్కలేను, మోకాళ్ళు."

డిజైన్ మొత్తం ఆ మాట చుట్టూ తిరిగింది. పర్మాకల్చర్‌లో స్థలాన్ని జోన్లుగా చూస్తాం. ఇల్లు సున్నా. రోజూ నాలుగుసార్లు అడుగుపెట్టే చోటు ఒకటి. అక్కడి నుంచి వెళ్ళేకొద్దీ రాకపోకలు తగ్గి, మనం చెయ్యి పెట్టకుండా వదిలేసే ఐదో జోన్‌తో ముగుస్తుంది. పుస్తకాల్లో ఇవి ఇంటి చుట్టూ గుండ్రంగా గీసి ఉంటాయి. ఆవిడ మొదటి జోన్ గుండ్రంగా లేదు. వెనక తలుపు నుంచి మెట్టు దిగకుండా చేరుకోగలిగే సన్నని పట్టీ, అంతే. మెట్టు పక్కన ఓ చిన్న ర్యాంపు, నడుం ఎత్తు మడులు, చేతికందే కొళాయి, రోజూ కోసుకునేవన్నీ అక్కడే. చెరువు మూడో జోన్‌లోకి జరిగింది.

"చెరువు ఉంటుంది కదండీ?" అని ఆయన దిగాలుగా అడిగారు.

"ఉంటుందండీ. మొదటి ఏడాది మాత్రం కాదు."

వాలు మీద ఒకే ఎత్తులో ఉన్న చోట్లు పట్టుకోవడానికి ఏ-ఫ్రేమ్ కట్టుకున్నాం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తే ఏమీ అనుకోవద్దు, నాకు ఇదంటే పిచ్చి. రెండు కర్రలు పైన కలిపి కడతాం, మధ్యలో అడ్డ కర్ర. పై ముడి నుంచి దారం వేలాడదీసి చివర రాయి కడతాం. ముందు దీన్ని సరిచూసుకోవాలి. రెండు కాళ్ళూ నేల మీద ఆనిన చోట్ల గుర్తులు పెట్టి, దారం అడ్డ కర్రను తాకిన చోట ఒక గీత గీయాలి. తర్వాత ఫ్రేమ్‌ను తిప్పి, ఎడమ కాలు కుడి గుర్తు మీద, కుడి కాలు ఎడమ గుర్తు మీద పెట్టి ఇంకో గీత గీయాలి. రెండు గీతల మధ్య బిందువే మట్టం. కాళ్ళ పొడవులో కాస్త తేడా ఉన్నా, సరిచూసిన చోట నేల వంకరగా ఉన్నా, ఆ తేడా ఒకసారి అటు, ఒకసారి ఇటు పడి కొట్టుకుపోతుంది. డెబిట్, క్రెడిట్ చదివినవాళ్ళకు కళ్ళు చెమర్చే పరికరం.

తర్వాత ఒక కాలు కదలకుండా ఉంచి, రెండో కాలిని దారం మధ్య గీత మీదకొచ్చేదాకా పైకీ కిందికీ జరుపుతూ, ఆగిన చోటల్లా మేకు పాతుకుంటూ పోవాలి. మేకులు ఆయన అందించారు. నేల మొత్తం దాటాక వెనక్కి తిరిగి చూస్తే, తిన్నగా ఉందనుకున్న వాలులో మేకుల వరస మధ్యలో లోపలికి వంగి ఉంది. అంటే అక్కడొక పల్లం, పైనుంచి వచ్చే నీళ్ళు చేరే చోటు. ఇన్నేళ్ళుగా చూస్తున్న నేల ఇదేనా అని ఆయన అక్కడే నిలబడిపోయారు. ఆ వరస వెంబడి, అంటే ఒకే ఎత్తులో సాగే కాంటూర్ గీత మీద, నీరు పారకుండా నిలిచి ఇంకేలా స్వేల్ అనే కందకం తవ్వించాం. అడుగున వాలు బాగా ఎక్కువగా ఉన్న ముక్కలో మాత్రం తవ్వించలేదు. అలాంటి చోట నీళ్ళు ఇంకించి నిలబెడితే తడిసిన మట్టి జారే ప్రమాదం ఉంది, చెట్లే నయం.

ఇక నీటి లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇంత హాయైన లెక్క నా వృత్తిలో ఎక్కడా తగల్లేదు. ఆ ఇంటి కప్పు 120 చదరపు మీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే 96,000 లీటర్లు. ఇంకిపోయేది, ఎగిరిపోయేది తీసేసి 85 శాతం పట్టుకున్నా 81,600. అందరూ ఇక్కడి దాకా లెక్కేసి చప్పట్లు కొట్టి ఆగిపోతారు. ట్యూటర్ ఆగనివ్వలేదు. ఒకే పూట 60 మిల్లీమీటర్లు కొడితే? అదే 85 శాతం చొప్పున 6,120 లీటర్లు. వాళ్ళ ట్యాంకు 5,000. ఖాళీ ట్యాంకయినా నిండి పొర్లుతుంది, పొర్లిన నీళ్ళు ఎటు పోతాయి? మార్జిన్‌లో ఆ ఒక్క ప్రశ్నే రాసి పంపారు. పొర్లు నీళ్ళు స్వేల్‌లోకి, స్వేల్ నిండితే రాళ్ళు పరిచిన చోటు నుంచి మెల్లగా చెట్లలోకి. ఆ దారి మ్యాపు మీద బాణం గుర్తులతో చూపించేదాకా ఆ డిజైన్ ముందుకు కదల్లేదు.

ఆడిటర్ బుద్ధి ఎక్కడ పనికొచ్చిందంటే, ఫైల్లో నేను పెట్టుకున్న మూడు గడుల్లో. చూసింది, చదివింది, విన్నది. డిజైన్‌లో నేను రాసే ప్రతి మాటా వీటిలో ఏదో ఒక గడిలో పడాలి. పర్మాకల్చర్ వాళ్ళంటే నాకు అభిమానమే. కానీ మూడో గడిలోది మొదటి గడిలోదంత ధీమాగా చెప్పే జబ్బు ఈ రంగంలో ఉంది. ఫలానా మొక్క లోతుల్లోంచి ఖనిజాలు తోడి పైకి తెస్తుందనీ, ఫలానా రెండూ పక్కపక్కన వేస్తే పురుగు దరిచేరదనీ పట్టికలు చేతులు మారుతుంటాయి. వాటిలో చాలావాటికి పరిశోధన బలం అంతంత మాత్రం. గ్లిరిసీడియా లాంటి చెట్లు వేళ్ళ దగ్గరి బ్యాక్టీరియాతో కలిసి నత్రజని స్థిరీకరిస్తాయన్నది వేరే సంగతి, దానికి గట్టి ఆధారాలున్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఈ గడుల వల్ల నా డిజైన్లు కాస్త చప్పగా కనిపిస్తాయని తోటి విద్యార్థులు ఆటపట్టించేవారు. కనిపించనివ్వండి.

డిజైన్లన్నీ నేల మీదే చెయ్యాలని కూడా లేదు. ఒకటి నా ఆఫీసు పని మీదే చేశాను. ఆడిట్ సీజన్‌లో ఏ క్లయింటు ఎప్పుడొస్తాడు, ఏ ఫైలు ఎన్నిసార్లు చేతిలోకి తీసుకుంటాను అని నెలలపాటు రాసుకుని, జోన్ల పద్ధతిలో బీరువా, బల్ల, రోజు వేళలు అన్నీ మార్చుకున్నాను. మొదట ఇదంతా బలవంతపు పోలికేమో అని నాకూ అనిపించింది, కొంతవరకు అది నిజమే. కానీ సీజన్‌లో ఇంటికి వెలుగుండగా చేరుతున్నాను.

డిప్లొమాకు అసలు సమయం పట్టేది రాతకు కాదు, మళ్ళీ వెళ్ళి చూడటానికి. అమలయ్యాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనిదే మూల్యాంకనం రాయడానికి ఏమీ ఉండదు. ఆ దంపతుల దగ్గరికి వానలయ్యాక వెళ్తే స్వేల్ నిలబడింది, పొర్లు దారి పనిచేసింది. చెట్లలో కొన్ని పోయాయి, ఎక్కువ బతికాయి. ఎత్తు మడులు మాత్రం ఆవిడ పూర్తిగా తన చేతుల్లోకి తీసుకున్నారు, నా నాటే పట్టిక ఎటుపోయిందో ఎవరికీ తెలీదు. చెరువు ఇంకా తవ్వలేదు. ఆయన సిమెంటు బెంచీ ర్యాంపు పక్కన వేయించుకున్నారు. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను. చివరి ప్రజెంటేషన్‌లో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వచ్చాయి, ముఖ్యంగా నాటే పట్టిక పోయిన సంగతి మీద.

ఇంతా చేసి లాభమేంటంటే, డిప్లొమా చూసి ఉద్యోగం ఇచ్చినవాళ్ళెవరూ నాకు తగల్లేదు. క్లయింట్లు కాగితం అడగరు, పాత డిజైన్లు చూపించమంటారు. అవి నా దగ్గర వరసగా, తేదీలతో, ఫొటోలతో ఉండటానికి కారణం మాత్రం ఈ డిప్లొమానే. సొంత నేల వరకే చేసుకునేవాళ్ళకు పీడీసీ చాలు, ఆపైన ఓపిగ్గా గమనించుకోవడమే. ఇతరులకు డిజైన్ చేసి డబ్బు తీసుకోవాలనుకున్నా, నలుగురికి నేర్పాలనుకున్నా డిప్లొమా దాకా వెళ్ళండి.

పీడీసీ ఎక్కడ చెయ్యాలని మెయిల్ పెడుతున్నవాళ్ళకు: ఫీజు కన్నా ముందు, 72 గంటల్లో డిజైన్ పనికి ఎంత ఇస్తారో అడగండి. నేర్పేవాళ్ళు స్వయంగా చేసిన డిజైన్ ఒకటి, కనీసం ఐదేళ్ళ పాతది, చూపించమనండి. వీలైతే దాన్ని ఎండాకాలంలో వెళ్ళి చూడండి, వానాకాలంలో అన్నీ పచ్చగానే ఉంటాయి. ఇంకొకటి, ఫీజు కట్టకముందే ఒక వర్షమాపకం కొని ఆరుబయట పెట్టి, రోజూ ఒకే వేళకు చూసి రాసుకోవడం మొదలుపెట్టండి. సర్వేలో సొంత వర్షపాతం లెక్క కనబడితే ట్యూటర్లు మురిసిపోతారు.