నిలబెట్టి తీసిన ఫిల్ము

సోమవారం, రాత్రి

ఇవాళ చూసినవన్నీ మోకాళ్ల ఎక్స్‌రేలే. వాటిలో పడుకోబెట్టి తీసినవి ఇంకా వస్తూనే ఉన్నాయి, అదే బాధ. పడుకున్నప్పుడు ఒంటి బరువు కీలు మీద పడదు కాబట్టి ఎముకల మధ్య సందు బాగానే ఉన్నట్టు కనబడుతుంది. అదే మనిషిని నిలబెట్టి తీస్తే లోపలివైపు ఎముకకి ఎముక ఆనుకుని ఉండొచ్చు. మోకాళ్లు 45 డిగ్రీలు వంచి నిలబెట్టి, వెనకనుంచి తీస్తే ఇంకొంత అరుగుదల బయటపడుతుంది. అందరూ 'గుజ్జు అరిగింది' అంటారు గానీ, ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు. కనబడేది సందు మాత్రమే.

అరుగుదల ఎంతో చెప్పడానికి 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే డాక్టర్లు పెట్టిన 0 నుంచి 4 దాకా గ్రేడ్లే ఇప్పటికీ వాడుతున్నాం. 1లో ఎముక అంచున మొలక ఉందా లేదా అన్న అనుమానం. 2లో మొలక ఖాయం, సందు తగ్గి ఉండొచ్చు. 3లో సందు తగ్గడం ఖాయం, గుజ్జు కింది ఎముక గట్టిపడి తెల్లబడుతుంది. 4లో సందు దాదాపు ఉండదు, ఎముక ఆకారమే మారిపోతుంది.

నొప్పి నడక వేరు. మొదట మెట్లు దిగేటప్పుడు, బాసింపట్టు వేసుకుని లేచేటప్పుడు. పొద్దున్న బిగుసు అరగంటలోపే సడలుతుంది. గంట దాటినా సడలక, చేతివేళ్లూ వాస్తే అది వేరే వాతం కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. కొన్నేళ్లకి చదునునేల మీదా నొప్పి, ఆపైన రాత్రి నిద్రలో. లోపలివైపు అరుగుతున్న కొద్దీ కాళ్లు దొడ్డికాళ్లవుతాయి, దాంతో బరువంతా ఆ అరిగిన వైపే పడుతుంది.

గుజ్జులో నరాలు లేవు. నొప్పి పుట్టేది ఎముకలో, కీలు లోపలి పొరలో. అందుకే గ్రేడ్ 2తో కుంటేవాళ్లున్నారు, గ్రేడ్ 4తో సంతకి నడిచి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే తీయించడం దండగ. అంతలో సందు తగ్గేది మిల్లీమీటరులో చిన్న వంతు, మోకాలు కాస్త అటూఇటూ తిరిగితేనే అంతకన్నా ఎక్కువ తేడా కనబడుతుంది.

ఫిల్ము మారకుండా నొప్పి నాలుగు రోజుల్లో అమాంతం పెరిగిందంటే మాత్రం 'అరుగుదలే' అని పంపెయ్యకూడదు. మెనిస్కస్, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది, ఎముకకి అతుక్కునే చోట తెగి ఉండొచ్చు, ఎముకలో సన్నని చీలిక ఉండొచ్చు. వాటికి ఎమ్మారై కావాలి.

ఆపరేషన్ మాట గ్రేడ్ చూసి ఎత్తకూడదు. ఎన్ని నిమిషాలు నడవగలరు, రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, తొడ కండరానికి మూడు నెలలు వ్యాయామం చేయించామా? కేస్ షీట్లో ఈ మూడింటికీ జవాబు రాసి ఉండాలి.