అడుగున మిగిలిన మడ్డి

నీటిలో కలిసిన మైక్రోప్లాస్టిక్‌ను, అంటే అతి చిన్న ప్లాస్టిక్ తునకలనూ నారలనూ, లెక్కించి ల్యాబు ఇచ్చిన రిపోర్టు సాయంత్రం చేతికి వచ్చింది. అందులో ‘పాలిస్టర్ నారలు లేవు’ అన్న ఒక్క వాక్యం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పరీక్షించింది హన్మకొండ ఇళ్ల నుంచి నాలాలోకి చేరే నీరు. చీరలూ చొక్కాలూ ఉతికిన నీళ్లలో పాలిస్టర్ లేకుండా ఎలా ఉంటుంది? నమూనాను మామూలు ఉప్పు ద్రావణంలో వేసి, పైకి తేలినదాన్ని మాత్రమే వడగట్టి లెక్కించారు. ఎంత ఉప్పు కరిగించినా ఆ ద్రావణం సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.2 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పాలిథీన్, పాలీప్రొపిలీన్, చివరకు నైలాన్ కూడా అందులో తేలుతాయి గాని, 1.38 సాంద్రత ఉన్న పాలిస్టర్ మునిగిపోతుంది. మునిగినదాన్ని వదిలేసి లేదని రాయడం ఏమి న్యాయం?

ఉప్పునీళ్లు అనగానే మా బాపు గుర్తొస్తాడు. నారు పోసే ముందు గంగాళంలో ఉప్పు కలిపి, కోడిగుడ్డు వేసి చూసేవాడు. గుడ్డు మునిగితే మరో దోసెడు ఉప్పు పడేది. దాని నెత్తి రూపాయి బిళ్లంత బయటికి కనిపించాక గాని వడ్లు పోయనిచ్చేవాడు కాదు. తేలిన తాలును చేత్తో దేవి పక్కన పెట్టి, మునిగిన గట్టి గింజలను వెంటనే మంచినీళ్లతో కడిగించేవాడు. ఏది తేలాలో, ఏది మునగాలో ముందే తెలిసి కలిపిన ఉప్పు అది.

ల్యాబులో ఉప్పు ద్రావణానికి ముందున్న మొదటి దశను మాత్రం శ్రద్ధగానే చేశారు. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడుకు ఫెర్రస్ సల్ఫేటు కలిపి, 75 డిగ్రీల దగ్గర సేంద్రియ మలినాలను పోగొట్టారు. వేడెక్కుతున్నకొద్దీ బీకరులో నురుగు బుసబుసా పొంగుతుంది, ఆ క్షణంలో హాట్‌ప్లేట్ మీద నుంచి దించకపోతే నమూనా బల్ల పాలవుతుంది. క్షారంతో చేసి ఉంటే పాలిస్టర్ దెబ్బతిన్నదేమో అనుకోవచ్చు. ఇక్కడ ఆ సాకు కూడా లేదు.

మామూలు ఉప్పుకు బదులు జింక్ క్లోరైడు అనే లవణం వాడవలసిందేనని రిపోర్టు అంచున రాసేశాను. దాని ద్రావణాన్ని 1.5కు పైగా చిక్కబరచవచ్చు, అప్పుడు పాలిస్టర్ తేలక తప్పదు. అయితే ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ పట్టుదల సడలుతోంది. జింకు నీటిలోని ప్రాణులకు విషం. వాడిన ద్రావణాన్ని సింకులో పారబోస్తే అది చేరేది ఆ నాలాకే. వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు గాని అందుకు ఓపిక కావాలి, ధర సంగతి సరేసరి. కాబట్టి ముందు ఉప్పుతోనే తేల్చనివ్వాలి. రిపోర్టులో ఏ ద్రావణం వాడారో, అందులో ఏవి తేలవో రాయాలి. అడుగున మిగిలిన మడ్డిని సీసాలో దాచి, ఆ కాస్తకు మాత్రమే జింక్ క్లోరైడు వాడితే ఖర్చూ తగ్గుతుంది, విషమూ తగ్గుతుంది. ఈ నమూనా మడ్డిని పారబోశారో, ఉంచారో రేపు వెళ్లగానే అడగాలి.