అన్నం సహించని గోడ

మా అబ్బాయి ఉండేది నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో. సాయంత్రం పార్కులో ఓ చుట్టు తిరిగితే మనవాళ్ల అమ్మానాన్నలు నలుగురైనా తగుల్తారు. గుంటూరు, ఖమ్మం, కాకినాడ... అందరివీ మోకాళ్ల కబుర్లే, వీసా కబుర్లే. షాపింగ్ సెంటర్ పక్కనే కోబ్రా మ్యూజియం ఉంది. పేరు చూసి మా ఆవిడ రానంది. కోపెన్‌హేగన్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ ఊళ్ల మొదటి అక్షరాలు కలిపి 1948లో పారిస్‌లో కొందరు కుర్ర చిత్రకారులు, కవులు పెట్టుకున్న పేరది. ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు.

మ్యూజియంలో బొమ్మల కంటే నాకు పట్టుకున్నది మావాడు చెప్పిన ఓ సంగతి. ఆ కుర్ర చిత్రకారుల్లో ఒకడైన కారెల్ ఆపెల్ అనే ఆయన 1949లో ఆమ్‌స్టర్‌డామ్ పురపాలక భవనం క్యాంటీన్ గోడ మీద ఓ బొమ్మ వేశాడట. దాని ముందు కూర్చుంటే అన్నం సహించడం లేదని ఉద్యోగులు గొడవ చేస్తే, పైన కాగితం అంటించి మూసేశారట. పదేళ్లు అలాగే ఉంచారట.

నేను రిటైరయ్యేదాకా మునిసిపల్ ఆఫీసులోనే పనిచేశాను. మధ్యాహ్నం ఆ అరగంటే మాకు దక్కే సొంత సమయం. పొద్దుట్నుంచీ కుళాయి నీళ్లు రావట్లేదనీ, ఇంటిపన్ను ఎక్కువేశారనీ జనం చేత తిట్లు తిని, క్యారేజీ విప్పుకునే వేళకి ఎదురుగా ఏదో కళాఖండం గుడ్లురిమి చూస్తుంటే నాకూ సహించదు. ఆ మాటే అన్నాను. మావాడు నవ్వి, "నాన్నా, అయితే చూసొద్దాం పద, ఇంకా ఉందది" అన్నాడు.

ముందు సెంట్రల్ స్టేషన్‌కి వెళ్లాం, వాడికి అక్కడి ఆలుగడ్డ వేపుడు తినాలనిపించి. కాగితం పొట్లంలో గుప్పెడు ముక్కలు, పైన మయోనైజ్. మన డబ్బుల్లో లెక్కేస్తే ఇంటిల్లిపాదికీ టిఫినొస్తుంది. లెక్కెయ్యొద్దని మావాడు మొదటిరోజే చెప్పాడు గానీ, ఆ జబ్బు నాకు తగ్గదు.

అక్కణ్ణుంచి నడక. ఫోన్లో మ్యాపు దగ్గరి దారే చూపిస్తుంది గానీ, నడిచేది తండ్రీకొడుకులని దానికేం తెలుసు! పాత చర్చి దాటీ దాటకముందే రెండువైపులా ఎర్ర లైట్ల అద్దాల కిటికీలు. మావాడు ఉన్నట్టుండి ఆ ఊరి కాలవల చరిత్ర ఎత్తుకున్నాడు. నేనూ మహా శ్రద్ధగా కాలవలో నీళ్లే చూస్తూ నడిచాను. ఆ నీళ్లలో బాతులు ఎన్నున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

ఆ వీధి చివరివైపునే పాత పురపాలక భవనం. 1988లో ఆఫీసులన్నీ కొత్త భవనానికి మారిపోయాయి, ఇదిప్పుడు పెద్ద స్టార్ హోటలు. నా చెప్పులతో లోపలికి రానిస్తారా అనుకున్నాను. కౌంటర్ దగ్గర అడిగితే ఒకమ్మాయి మర్యాదగా తనే తీసుకెళ్లి చూపించింది.

పిల్లలు. తలంటే ఓ గుండ్రమో, ఓ పలకో. మెడల్లేవు. ఒకళ్ల పక్కన ఒకళ్లు ఇరుక్కుని, ముదురు రంగుల్లో, కళ్లు మాత్రం గుండ్రంగా తెరుచుకుని మన వైపే చూస్తున్నారు. బలపం పట్టిన రెండో తరగతి పిల్లాడు వేసినట్టే ఉంది. ఆపెల్‌కి కావలసిందీ అదేనట. చదివింది మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రభుత్వ చిత్రకళా అకాడెమీలోనే. యుద్ధం అయ్యాక రైల్లో డెన్మార్క్ వెళ్తూ జర్మనీ స్టేషన్లలో చెయ్యి చాపిన పిల్లల్ని చూశాడు. అప్పట్నుంచీ వాళ్లనే పదే పదే చేశాడు. ఒకసారైతే పారేసిన చెక్కముక్కలు పాత కిటికీ రెక్క మీద మేకులతో కొట్టి, వాటికి రంగులేశాడు. అది లండన్‌లో ఉంది.

బెజవాడ స్టేషన్ గుర్తొచ్చింది. రైలు ఆగగానే ఓ కుర్రాడు బోగీలోకి పాక్కుంటూ వచ్చి, తన చొక్కా విప్పి దాంతోనే మన కాళ్ల కింద తుడిచి చెయ్యి చాపేవాడు. మేం పులిహోర పొట్లం విప్పుకుని ఉంటాం. మా అమ్మ కిటికీ వైపు తిరిగి తినమనేది.

"ఏమంటావు?" అన్నాడు మావాడు. గుమాస్తాల తప్పేమీ లేదన్నాను. అప్పటికి యుద్ధం అయి నాలుగేళ్లు. 1944 చలికాలంలో ఆ ఊళ్లో తిండిలేక జనం చచ్చిపోయారు. ఆ ఉద్యోగుల్లో ఆకలి చూడనివాడు ఉండుంటాడా? తిండి దొరికిన కొత్తలో ఎదురుగా ఆకలి మొహాలు పెడితే ఎవరైనా గొడవ చేస్తారు. ఆపెల్‌కీ ఆ ఆకలి తెలుసు, అందుకే వేశాడనుకోండి, అది వేరే సంగతి. మావాడికి నా వాదన నచ్చలేదు. ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్టు ఆపెల్ తరఫున కరపత్రం వేశాడని చెప్పాడు. గుమాస్తాల తరఫున ఎవరేశారన్నాను.

ఆపెల్ 1950లో పారిస్ వెళ్లిపోయాడు. తండ్రి సెలూన్ నడిపేవాడు, కొడుకు అందులో కుదురుకోలేదు. ఊరు కూడా కుదురుకోనివ్వలేదు. తమాషా ఏమిటంటే, గోడ మూసేసిన ఆ ఊళ్లోనే స్టెడెలిక్ అనే ఆధునిక కళల మ్యూజియానికి పెద్దగా ఉన్న సాండ్‌బెర్గ్ 1951లో ఆయన్ని పిలిచి కాఫీ గది ఇచ్చాడు. గోడలూ, పైకప్పూ కూడా వదలకుండా వేశాడు. మళ్లీ తినే చోటే! తర్వాత వెనిస్, న్యూయార్క్, బహుమతులు. నేను ఏదో కెలుకుతుంటానంతే అనేవాడట. 2006లో జ్యూరిచ్‌లో పోయాడు, సమాధి పారిస్‌లో.

స్టెడెలిక్‌కి మర్నాడు వెళ్లాం. టికెట్ మన లెక్కలో రెండువేల పైమాటే, మనిషికి. ఆ ధర మీద ఇంట్లో జరిగిన చర్చ రాస్తే మరో వ్యాసమవుతుంది. ఆమ్‌స్టెల్‌వేన్ నుంచి 5వ నంబర్ ట్రామ్ ఎక్కితే మ్యూజియం దగ్గరే దింపుతుంది. పాత పురపాలక భవనానికి మాత్రం డామ్ చౌరస్తా వైపు నుంచి వెళ్లండి. స్టేషన్ వైపు నుంచి వద్దు, అందులోనూ కొడుకుతో అసలొద్దు.