విస్లర్ నాక్టర్న్, ఆరో ప్రయత్నం: మళ్లీ మధ్యలో మడుగు

19వ శతాబ్దపు అమెరికన్ చిత్రకారుడు విస్లర్ నది రాత్రి దృశ్యాలను నాక్టర్న్‌లు అన్నాడు. అలాంటిదొకటి వేయాలని మన ప్రయత్నం. ఆరోసారి కూడా ఆకాశం నిలవలేదు. పూసిన పది నిమిషాలకు అద్దంలా ఉంది. నలభై నిమిషాలు గడిచేసరికి కాన్వాస్ మధ్యలో అరచేయంత ముదురు మడుగు, దాని చుట్టూ నల్లటి గీత. ఒడ్డు దీపాలు, నీళ్లలో వాటి చారలు ఎప్పుడో కుదిరాయి, వాటి సంగతి వదిలేద్దాం.

కావలసింది జపాన్ చెక్క అచ్చుల చిత్రకారుడు హిరోషిగే ఆకాశంలో పైనుంచి కిందికి కరిగిపోయే నీలం, అది కూడా నూనె రంగులో. చెక్క అచ్చులో ఆ పని తేలిక. తడి దిమ్మె మీద ఒక అంచుకే రంగు పెట్టి బ్రష్‌తో లాగుతారు, కాగితం దాన్ని పీల్చేస్తుంది, ఇక రంగు కదలడానికి చోటే ఉండదు. 1870ల్లో థేమ్స్ ఒడ్డున విస్లర్ దాన్నే నూనెలో పట్టాలనుకున్నాడు. టర్పెంటైన్, కోపల్, మాస్టిక్ అనే చెట్ల రెసిన్లు కలిపి రంగును ఎంత పలచన చేసేవాడంటే, జారిపోకుండా కాన్వాస్‌ను నేల మీద పరచాల్సి వచ్చేది. దానికి ఆయన పెట్టుకున్న పేరు సాస్. మన లెక్కలో చారు. వెడల్పు బ్రష్‌తో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే లాగు. నచ్చకపోతే మొత్తం తుడిచేసి మళ్లీ మొదలు.

ఈసారి కొలతలు: 30×40 సెం.మీ. కాటన్ కాన్వాస్, కింద బూడిద గోధుమ రంగు పూత, రెండు వారాలు ఆరింది. టైటానియం వైట్ 6 గ్రాములు, ఐవరీ బ్లాక్ 4, ప్రష్యన్ బ్లూ అర గ్రాము. ప్రష్యన్ బ్లూ అంతకు మించితే మిగతా రెంటినీ మింగేస్తుంది. టర్పెంటైన్ 12 మి.లీ., డామర్ వార్నిష్ 3, స్టాండ్ ఆయిల్ (వేడి చేసి చిక్కబరచిన లిన్సీడ్ ఆయిల్) 1. కోపల్ కోసం తిరగడం దండగ. డామర్ మన గుగ్గిలానికి దగ్గరి చుట్టమే, ఎక్కడైనా దొరుకుతుంది. కాకపోతే రెసిన్ కలిసిన పొర తర్వాతెప్పుడైనా టర్పెంటైన్ తగిలితే కరుగుతుంది, శుభ్రం చేసేటప్పుడు అది గుర్తుండాలి. తెలుపుకు కామెల్ చాలు, నలుపు, నీలాలకు మాత్రం విన్సర్ అండ్ న్యూటన్ ఖరీదు దండగ కాదు. ఇంత పలచన చేశాక కూడా రంగులో పస మిగలాలంటే పిగ్మెంట్ దట్టంగా ఉండాల్సిందే.

ఇక మడుగు. గిన్నెలోనూ బ్రష్‌లోనూ మిగిలింది పోను కాన్వాస్ మీదికి వెళ్లింది సుమారు 18 మి.లీ. 1200 చదరపు సెం.మీ. మీద పరిస్తే 0.15 మి.మీ. పొర. రసమట్టం పెడితే ఫ్రేమ్ నాలుగు వైపులా సమానంగానే ఉంది. కానీ అంచు నుంచి అంచుకు దారం లాగి కొలిస్తే కాన్వాస్ మధ్యలో 2.5 మి.మీ. కుంగింది. అంత గుంటలో వంద మి.లీ. పైనే పడుతుంది, మన 18 ఏ మూలకు? మూలల్లో చెక్క చీలికలు కొట్టి బిగించి కుంగు పదో వంతుకు తెచ్చినా ఇంకా పది మి.లీ.కి చోటుంటుంది. బిగింపు ఒక్కదానితో తీరే రోగం కాదిది.

మడుగు ముదురుగా ఎందుకు మారిందన్నది వేరే ప్రశ్న. రంగు లోతుగా నిలిచిన చోట బరువైన తెలుపు అడుగుకు దిగుతుంది, సన్నటి ప్రష్యన్ బ్లూ, తేలికైన నలుపు పైన ఉండిపోతాయి. చుట్టూ గీత పడటానికి కారణం అంచు దగ్గర టర్పెంటైన్ ముందే ఆవిరవడం. ఆ లోటు పూడ్చడానికి లోపలి ద్రవం రంగును మోసుకుంటూ అంచుకు పోతుంది. నేల మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక మిగిలే వలయం ఇదే.

ఏది ఎంత తప్పో తేల్చడానికి 10×15 హార్డ్‌బోర్డ్ ముక్కలు ఐదు, అన్నిటికీ అదే కింది పూత. మొదటిదానికి అదే సాస్ 2.25 మి.లీ., ఫ్యాన్ ఆపి: మడుగు లేదు, అంచున 2 మి.మీ. ముదురు గీత మాత్రం ఉంది. రెండోది అదే, సీలింగ్ ఫ్యాన్ మూడులో: ఒంటినిండా ఆవగింజంత గదులు, తేనెపట్టులా. టర్పెంటైన్ ఆవిరై చల్లబడిన చోట పైపొర తలతన్యత పెరిగి చుట్టుపక్కల రంగును లాక్కుంటుంది, అక్కడ రంగు కిందికి దిగుతుంటే మరోచోట అడుగుది పైకి లేస్తుంది, ఆ తిరుగుడు గుర్తులే ఆ గదులు. ఐదో ప్రయత్నంలో కనిపించిన మచ్చలకు జవాబు దొరికింది. అప్పుడు అన్యాయంగా కింది పూతను తిట్టాం. మూడోదానికి టర్పెంటైన్ 12 బదులు 8 పాళ్లు: జారలేదు కానీ బ్రష్ వెంట్రుకల గీతలు మిగిలాయి. నాలుగోది డామర్, స్టాండ్ ఆయిల్ బదులు లిక్విన్ (నూనె రంగులో కలిపే, త్వరగా ఆరే ఆల్కిడ్ మీడియం). లిక్విన్ మంచి సరుకే, ఈ పనికి కాదు. కదిపినంతసేపు జారుతుంది, బ్రష్ ఆగగానే గడ్డకడుతుంది, గీతలు అలాగే నిలుస్తాయి.

ఐదోది మొదటి సాసే, కొలత మాత్రం 1.5 మి.లీ. మందం 0.1 మి.మీ.కి తగ్గింది. పలచటి పొర జారే వేగం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, మందం మూడో వంతు తగ్గితే వేగం సగానికన్నా కిందికి పడిపోతుంది. ఒక అంచు కింద మడిచిన పోస్ట్‌కార్డ్ పెట్టి వాలుగా ఉంచినా గంటసేపు కదల్లేదు. ఇన్నాళ్లూ పలచదనంతో కుస్తీ పట్టాం, పోసే కొలతను ఒక్కసారీ పట్టించుకోలేదు. ఒక ఇబ్బంది ఉంది: ఇంత తక్కువ రంగుతో పొడి పూత మీద బ్రష్ పట్టేస్తుంది. ముందు లిన్సీడ్ ఆయిల్ రెండు చుక్కలు బట్టతో రుద్ది, పూర్తిగా తుడిచేశాక పూస్తే సాఫీగా సాగింది.

కాన్వాస్‌కు సెలవిద్దామా అంటే, విస్లర్ 1871 నాటి చెల్సీ నాక్టర్న్ చెక్క మీదే ఉంది, 1875 నాటి బాణసంచా రాకెట్ చిత్రమూ అంతే. ఓల్డ్ బాటర్సీ వంతెన మాత్రం కాన్వాస్. హిరోషిగే 1857లో వేసిన క్యోబాషి వంతెన అచ్చు పక్కన పెట్టి ఎక్కువగా చూసేది దాన్నే. అంటే కాన్వాస్ మీదా అవుతుంది, కాకపోతే ఆయన చెయ్యి మనకు లేదు. రెండు పూతల్లో వేస్తే తేలికే కదా అనొచ్చు. అది గ్లేజింగ్ (ఆరిన పొర మీద పలచటి పొర వేయడం) అవుతుంది, నాక్టర్న్ కాదు.

ఏడోది 4 మి.మీ. హార్డ్‌బోర్డ్ మీద, మొత్తం సాస్ 12 మి.లీ. దాటకుండా. అది నిలిస్తే రాకెట్ చిత్రంలోని నిప్పురవ్వలు. దాని మీదే కదా విస్లర్ 1878లో కళావిమర్శకుడు రస్కిన్‌తో కోర్టుకెక్కి, గెలిచి, ఒక్క ఫార్దింగ్ (పావు పెన్నీ) పరిహారం తెచ్చుకున్నాడు. నిలవకపోతే కొన్నాళ్లు నూనె మానేసి అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్ కళాకారుల చెక్క అచ్చు పద్ధతి: ఒకే దిమ్మె, రంగుకూ రంగుకూ మధ్య సన్నటి గాడి, నీటిరంగు, వెనక చెంచాతో రుద్దడం. ఆ గాడి దాటి రంగు ఎక్కడికీ పోదు. ఆ పద్ధతిలో పనిచేసిన బ్లాంచ్ లాజెల్ అచ్చులు చూస్తే ఇప్పుడే దిమ్మె కోయాలనిపిస్తుంది. పైన్ ముక్క ఒకటి పక్కన పెట్టి ఉంది.

హార్డ్‌బోర్డ్‌కు ఒకవైపు ప్రైమర్ అయింది. రేపు రెండో వైపు, లేకపోతే వంగి మళ్లీ గుంటే. ఫ్యాన్ రెగ్యులేటర్ మీద ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించాలి.