పోలీసులకి చెప్పని మాట పక్కింటావిడకి చెప్తారు

ఇంగ్లండ్ పల్లెటూళ్ళలో జరిగే మర్డర్ మిస్టరీలంటే నాకు ప్రాణం. కానీ వీటి గురించి ఎప్పుడు మాటొచ్చినా ఎవరో ఒకరు ఇదే అంటారు, అంతమంది పోలీసులుండగా ఒక ముసలావిడో చర్చి ఫాదరో వచ్చి హత్యకేసు తేల్చేయడమేంటి, అసలు అయ్యే పనేనా అని. నాకైతే ఈ కథల్లో అన్నిటికంటే నమ్మబుద్ధయ్యేది ఆ ఒక్క విషయమే. అంత చిన్న ఊళ్ళో అన్ని హత్యలు జరుగుతాయా అంటే సరే, జరగవు, ఒప్పుకుంటా. కానీ ఒక్కటి జరిగితే మాత్రం, ఎవరు అబద్ధం చెప్తున్నారో ముందు పసిగట్టేది పోలీసులు కాదు, రోజూ ఆ వీధిని చూస్తూ కూర్చునే మనిషే.

అగాథా క్రిస్టీ సృష్టించిన పెళ్ళికాని ముసలావిడ మిస్ మార్పుల్‌నే తీసుకోండి. ఆవిడ మొదట 1927లో ఒక చిన్న కథలో వచ్చింది, నవల్లోకి 1930లో అడుగుపెట్టింది, మొత్తం పన్నెండు నవలలు. ఊరి పేరు సెయింట్ మేరీ మీడ్, కల్పితమే. ఆవిడ దగ్గర లాబొరేటరీ లేదు, తుపాకీ లేదు. తోటపని చేసుకుంటుంది, స్వెట్టర్లు అల్లుకుంటుంది, పిట్టల్ని చూడ్డానికని బైనాక్యులర్స్ పెట్టుకుంటుంది. ఆ తోట పక్క నుంచి ఎవరెళ్ళినా ఆవిడ కంట పడాల్సిందే. ఎవరి చేతిలో సంచి ఉంది, ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయి, ఎవరు రోజూ వెళ్ళే దారి వదిలేసి ఇంకో దారిన వెళ్ళారు, అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. కొత్త మనిషిని చూడగానే తన ఊళ్ళో ఎప్పుడో చూసిన ఇంకో మనిషి గుర్తొస్తాడు, వాడు అప్పుడు ఏం చేశాడో గుర్తొస్తుంది, అక్కడి నుంచి ఆలోచన మొదలవుతుంది. మనుషులు ఎక్కడైనా ఒకటే అని ఆవిడ నమ్మకం. ఇది నాకు చాలా గట్టి పద్ధతి అనిపిస్తుంది, షెర్లాక్ హోమ్స్‌లా బూడిద ఏ సిగరెట్‌దో చెప్పడం కంటే గట్టిది.

అప్పటి ఇంగ్లిష్ పల్లె ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. చర్చి, దాని పక్కనే వికార్, అంటే చర్చి ఫాదర్ ఇల్లు, ఒక పబ్బు, పోస్టాఫీసు కూడా తనే నడిపే కిరాణా కొట్టు, కాస్త దూరంగా పెద్దవాళ్ళ బంగళా, ఒక డాక్టరు, ఒక లాయరు, ఒక కాన్‌స్టేబుల్. పాలవాడు ఎప్పుడొస్తాడో, పోస్ట్ ఎన్ని గంటలకి తీస్తారో, పక్క టౌన్‌కి బస్సు ఎప్పుడో అందరికీ నోటికొచ్చు. అంటే ఊరంతా ఒక టైమ్‌టేబుల్ మీద నడుస్తుంటుంది, అందుకే అందులో చిన్న తేడా వచ్చినా ఇట్టే కనిపిస్తుంది. ఇక పెద్దిళ్ళలో పనిచేసే అమ్మాయిలు, వంటావిడలు సాయంత్రానికి ఏ ఇంట్లో ఎవరు ఎవరితో గొడవపడ్డారో చెప్పేస్తారు. పోలీసు ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ పట్టుకుని వస్తే వాళ్ళే నోరు విప్పరు. ఉద్యోగం పోతుందనే భయం ఒకటి, పోలీసు గుమ్మం ముందు నిలబడ్డమే పరువు తక్కువ అనుకోవడం ఇంకోటి. అదే మాట టీ తాగుతూ ఒక పెద్దావిడ అడిగితే అడక్కుండానే ఇంకో రెండు విషయాలు కూడా చెప్తారు. కూపీ లాగడం అంటే అదీ.

బయటి నుంచి వచ్చిన పోలీసు గతి ఏమవుతుందో చూడాలంటే నిజంగా జరిగిన కేసు ఒకటుంది, 1860లో, ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్, సోమర్సెట్ జిల్లాల సరిహద్దులో రోడ్ అనే ఊరు. శామ్యూల్ కెంట్ అనే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఇంట్లో రాత్రి నిద్రపోతున్న మూడేళ్ళ పిల్లాడు తెల్లారేసరికి లేడు, చివరికి ఇంటి బయట పనివాళ్ళ మరుగుదొడ్డిలో శవం దొరికింది. ఇంక్వెస్ట్, అంటే చావు ఎలా జరిగిందో తేల్చే విచారణ, ఊరి పబ్బులో మొదలుపెడితే జనం పట్టక మద్యం వద్దనేవాళ్ళ టెంపరెన్స్ హాల్‌కి మార్చారు, ఊరంతా ఎంత కదిలిపోయిందో చూడండి. లోకల్ పోలీసులవల్ల తేలకపోయేసరికి లండన్ పోలీసుల స్కాట్లాండ్ యార్డ్ నుంచి విచర్ అనే డిటెక్టివ్‌ని పంపించారు. ఆయన పట్టుకున్న క్లూ ఏంటో తెలుసా, ఒక నైట్ డ్రెస్. పిల్లాడి సవతి అక్క, పదహారేళ్ళ కాన్‌స్టెన్స్‌కి మూడు నైట్ డ్రెస్‌లు ఉండాలి, రెండే ఉన్నాయి, మూడోది బట్టలు ఉతికే వాళ్ళ దగ్గర పోయిందన్నారు. ఆయన ఆ చాకలి పద్దు దగ్గరే పట్టు పట్టాడు. ఆ అమ్మాయిని అరెస్ట్ కూడా చేశాడు.

కానీ ఎవరూ ఒప్పుకోలేదు. మామూలు ఇంట్లో పుట్టిన ఒక పోలీసు, ఒక పెద్దమనిషి ఇంట్లో ఆడపిల్ల బట్టలు లెక్కపెట్టడమేంటని జనం మండిపడ్డారు, పేపర్లు దుమ్మెత్తిపోశాయి, అమ్మాయిని వదిలేశారు, ఆయన పరువు పోయింది. 1865లో కాన్‌స్టెన్స్ తనంతట తనే వచ్చి నేరం ఒప్పుకుంది. అప్పటికి ఆయన ఉద్యోగంలోనే లేడు. ఈ కేసు తల్చుకుంటే నాకు ఎప్పుడూ బాధేస్తుంది, ఎందుకంటే ఆయన చేసింది సరిగ్గా ఒక మిస్ మార్పుల్ చేసే పనే, ఇంట్లో రోజూ జరిగే మామూలు పనిలో తేడా పట్టుకోవడం, కాకపోతే ఆ మాట చెప్పే చనువు ఆయనకి లేదు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కేసు చెప్తా, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వేల్స్ సరిహద్దులో హే ఆన్ వై అనే చిన్న టౌన్ ఉంది, ఇప్పుడు పాత పుస్తకాల షాపులకి బాగా పేరు. దాన్ని ఆనుకుని ఇంగ్లండ్ వైపు కుసప్ అనే పల్లె. అక్కడ హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే లాయరు, మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చాడు కాబట్టి అందరూ మేజర్ అనేవాళ్ళు. 1921 ఫిబ్రవరిలో ఆయన భార్య క్యాథరిన్ చాన్నాళ్ళ జబ్బు తర్వాత చనిపోయింది, సహజ మరణమే అనుకున్నారు. హేలో ఆయన ఆఫీసుకి ఎదురుగానే ఇంకో లాయరు ఆఫీసు, ఆస్వాల్డ్ మార్టిన్‌ది. ఒక ఆస్తి అమ్మకం డబ్బుల దగ్గర ఇద్దరికీ తేడాలొచ్చాయి. అదే ఏడాది అక్టోబర్ 26న ఆర్మ్‌స్ట్రాంగ్ మార్టిన్‌ని టీకి పిలిచాడు, చేత్తో అందిస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు అంటూ వెన్న రాసిన స్కోన్ (చిన్న బన్ను లాంటిది) ఒకటి తనే ఇచ్చాడు. ఆ రాత్రికి మార్టిన్‌కి వాంతులు.

ఇక్కడ మొదట్లో యార్డ్ లేదు, ఇన్‌స్పెక్టర్ లేడు. అనుమానం వచ్చింది మందుల షాపు డేవిస్‌కి. ఆయన మార్టిన్‌కి మామగారు, దాంతోపాటు ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఆర్సెనిక్ అనే విషం అమ్మింది కూడా ఆయనే! కలుపు మొక్కలు చంపడానికి అని కొనుక్కెళ్ళాడు. అల్లుడి వాంతులు చూడగానే ఆయన మనసు తన షాపు రిజిస్టర్ మీదికి పోయింది, వెంటనే డాక్టర్ హింక్స్ చెవిన వేశాడు. క్యాథరిన్‌కి వైద్యం చేసింది కూడా ఆ హింక్సే, ఆవిడ జబ్బు లక్షణాలు ఇప్పుడు ఇంకోలా కనిపించడం మొదలైంది. అంతకు కొన్నాళ్ళ ముందు మార్టిన్ ఇంటికి ఎవరు పంపారో తెలియని చాక్లెట్ల డబ్బా ఒకటొచ్చిందని, అది తిన్న బంధువుకి ఒంట్లో బాగోలేదని గుర్తొచ్చింది. మిగిలిన చాక్లెట్లు, మార్టిన్ మూత్రం శాంపిల్ లండన్‌కి పంపితే ఆర్సెనిక్ ఉందని తేలింది.

రిజిస్టర్ సంగతి కాస్త ఆగి చెప్పాలి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అసలు కీలకం అదే. ఇంగ్లండ్‌లో 1851లో ఆర్సెనిక్ చట్టం చేశారు. అమ్మేవాడు కొనేవాడి పేరు, ఊరు, ఎందుకు కొంటున్నాడో రాసి సంతకం పెట్టించుకోవాలి. కొద్దికొద్దిగా అమ్మేటప్పుడు పంచదార అనో పిండి అనో పొరబడకుండా మసో నీలిమందో కలిపి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, కొనేవాడు అమ్మేవాడికి తెలిసిన మనిషై ఉండాలి, లేదంటే ఇద్దరికీ తెలిసిన సాక్షి ఒకరు ఉండాలి. అంటే చట్టమే ఊరి పరిచయాల మీద ఆధారపడింది. లండన్‌లో కూర్చున్న పార్లమెంటుకి కూడా తెలుసన్నమాట, విషం ఎవరి చేతికి వెళ్తోందో కనిపెట్టగలిగేది షాపు కౌంటర్ వెనకాల మనిషేనని.

తర్వాత జరిగింది ఏ నవలకీ తీసిపోదు. యార్డ్ వాళ్ళు గుట్టుగా దర్యాప్తు చేస్తూ మార్టిన్‌ని ఏమీ తెలియనట్టు ఉండమన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏమో మళ్ళీ టీకి రమ్మని పిలుస్తూనే ఉన్నాడు, ఎదురెదురు ఆఫీసులు, రోజూ ముఖాలు చూసుకోవాలి, వారాల తరబడి ఏదో ఒక వంక చెప్పి తప్పించుకోవాలి. ఆ మనిషి ఎలా తట్టుకున్నాడో తల్చుకుంటేనే నాకు ఊపిరాడదు. 1921 డిసెంబర్ 31న ఆర్మ్‌స్ట్రాంగ్‌ని అరెస్ట్ చేశారు, జేబులో ఆర్సెనిక్ పొట్లం దొరికింది. జనవరిలో క్యాథరిన్ శవాన్ని కుసప్ చర్చి ఆవరణలోంచి తవ్వితీస్తే ఒంట్లో బోలెడు ఆర్సెనిక్. ఒక్కో కలుపు మొక్కకీ ఒక్కో చిన్న పొట్లం కట్టుకున్నానని చెప్పాడు, అంత శ్రమ ఎందుకయ్యా అని జడ్జి స్వయంగా అడిగితే సరైన జవాబు లేదు. 1922 మే 31న గ్లాస్టర్ జైల్లో ఉరి తీశారు. ఆయన నిర్దోషి అని తర్వాత వాదించినవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం ఆ పొట్లాల సంగతి మింగుడుపడదు.

అందుకే ఔత్సాహిక డిటెక్టివ్ అనే పాత్ర రచయితల సౌకర్యం కోసం పుట్టింది అంటే నేను ఒప్పుకోను. పెళ్ళికాని ముసలావిడే ఎందుకు అన్నదానికి కూడా నాకు ఆ కాలంలోనే జవాబు కనిపిస్తుంది. 1921 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు పదిహేడు లక్షల దాకా ఎక్కువ. ఒంటరి ఆడవాళ్ళని సమాజం మిగులు అని లెక్కేసింది, అంటే ఉన్నా కనపడని మనుషులు. ఎవరూ పట్టించుకోని మనిషి ముందు అందరూ అన్నీ మాట్లాడేస్తారు. అలాంటావిడే చివర్లో గదిలో అందరికంటే తెలివైన మనిషిగా నిలబడితే నాకు ప్రతిసారీ సంతోషంగానే ఉంటుంది.

ఊళ్ళో అందరికీ అందరూ తెలుసన్న ధీమా రెండో ప్రపంచయుద్ధం తర్వాత కదిలింది. 1950లో వచ్చిన క్రిస్టీ నవల 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్'లో ఇదే అసలు భయం. ఊరి పేపర్లో ఫలానా రోజు సాయంత్రం ఆరున్నరకి ఫలానా ఇంట్లో హత్య జరుగుతుంది, రండి అని ప్రకటన వస్తుంది, అక్కడ మొదలవుతుంది కథ. అందులో మిస్ మార్పుల్ బాధ ఏంటంటే, ఇదివరకు ఊళ్ళోకి కొత్తవాళ్ళొస్తే తెలిసినవాళ్ళ ఉత్తరం పట్టుకొచ్చేవాళ్ళు, వీళ్ళు ఫలానా అని ఎవరో ఒకరికి తెలిసేది. ఇప్పుడు చేతిలో రేషన్ బుక్, ఐడెంటిటీ కార్డు, అంతే, వాళ్ళు ఎవరని చెప్పుకుంటే వాళ్ళే. పక్కింట్లో ఏళ్ళ తరబడి ఉంటున్న మనిషి నిజంగా ఆ మనిషేనా అన్న అనుమానం నాకు రక్తం మరకల కంటే ఎక్కువ భయం పుట్టించింది. ఇంతకంటే చెప్తే కథ చెడిపోతుంది.

ఈ మధ్య వచ్చే పల్లెటూరి క్రైమ్ సీరియల్స్ చాలావాటితో నా పేచీ ఇదే, పూరిళ్ళు, చర్చి గంట, కేకుల పోటీ అన్నీ పెడతారు, కానీ హంతకుడు దొరికేది సీసీటీవీలోనో ఫోన్ రికార్డులోనో. అలాంటప్పుడు అది ఏ ఊళ్ళో జరిగితే ఏంటి. ఊరికి తెలిసిన విషయం వల్ల కేసు తేలాలి, పాలవాడు ఆ రోజు ఆలస్యంగా రావడం వల్ల తేలాలి.

చూడాలనుకునేవాళ్ళు జోన్ హిక్సన్ మిస్ మార్పుల్‌గా చేసిన పాత బీబీసీ సిరీస్ చూడండి, 1984 నుంచి 1992 దాకా వచ్చింది, సెయింట్ మేరీ మీడ్ కోసం హాంప్‌షైర్‌లో నెదర్ వాలప్ అనే నిజమైన ఊళ్ళో తీశారు. హిక్సన్ కళ్ళు చూడండి, ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ ఏమీ అనదు. చదవాలనుకునేవాళ్ళు 1932లో వచ్చిన పదమూడు మిస్ మార్పుల్ కథల పుస్తకం 'ది థర్టీన్ ప్రాబ్లమ్స్'తో మొదలుపెట్టండి, రోజుకి ఒకటి చొప్పున, హంతకుడెవరో మీరే చెప్పడానికి ప్రయత్నించాకే చివరి రెండు పేజీలు తిప్పండి. 1950 నవల ఆ తర్వాత.