పని యూనివర్సిటీలో, కొలువు కాంట్రాక్టర్ దగ్గర

లండన్‌లో ఒక యూనివర్సిటీలో తెల్లవారుజాము షిఫ్టులో క్లీనింగ్ చేసేదాన్ని. అక్కడి లైబ్రరీ ఉద్యోగికి జీతం యూనివర్సిటీ ఇస్తుంది. ఆయన కూర్చునే కుర్చీ కింద తుడిచే నాకు మాత్రం కాంట్రాక్టు కంపెనీ ఇచ్చేది. పనిలో ఉన్నన్నాళ్లు ఈ తేడా పెద్దగా తెలియదు, ఒంట్లో బాగోలేనప్పుడే తెలుస్తుంది.

ఆయన సెలవు పెడితే పూర్తి జీతం వచ్చేది. మాకు చట్టం చెప్పిన కనీస మొత్తమే. 2024లో అది వారానికి 116.75 పౌండ్లు. అదీ అప్పట్లో మొదటి మూడు పనిరోజులకు వచ్చేది కాదు. పైగా ఒక యజమాని దగ్గర సగటున వారానికి 123 పౌండ్లయినా రాకపోతే ఆ కాస్తా ఉండేది కాదు. పొద్దున రెండు గంటలు ఒక కంపెనీకి, సాయంత్రం రెండు గంటలు ఇంకో కంపెనీకి చేసేవాళ్లు చాలామంది ఇలాగే నష్టపోయేవాళ్లు.

మాకు గుడ్డల రంగులు నేర్పించారు. టాయిలెట్లకు ఎరుపు, వాష్‌బేసిన్లకు పసుపు, కిచెన్‌కు ఆకుపచ్చ, మిగతా చోట్ల నీలం. ఒకచోటి క్రిములు ఇంకోచోటికి పోకూడదట. నాతో పనిచేసే మన అమ్మాయి ఒకరోజు కాలిపోయే జ్వరంతో వచ్చి, చేతిలో ఆకుపచ్చ గుడ్డతో కిచెన్ బల్లలు తుడుస్తోంది. ఇంటికి వెళ్లి పడుకోమన్నాను. "మూడు రోజులు పడుకుంటే అద్దె ఎవరు కడతారక్కా?" అంది. గుడ్డ విషయంలో అంత జాగ్రత్త పడేవాళ్లకు మనిషి పట్టలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

ఈ తేడా మీద పోరాటం మాతో మొదలైంది కాదు. యూనివర్సిటీ ఆఫ్ లండన్ ప్రధాన భవనం సెనేట్ హౌస్‌లో లాటిన్ అమెరికా నుంచి వచ్చిన క్లీనర్లు సిక్ పే (జబ్బు పడిన రోజుల జీతం), సెలవులు, పెన్షన్ అనే మూడింటి కోసం 'త్రెస్ కోసాస్' (స్పానిష్‌లో 'మూడు విషయాలు') ఉద్యమం నడిపారు. 2013 సమ్మెతో మొదటి రెండింట్లో మెరుగుదల సాధించారు. అక్కడి క్లీనర్లను యూనివర్సిటీ నేరుగా తీసుకునేసరికి 2020 వచ్చింది. అంతకుముందే, 2018లో, లండన్‌లోని ఇంకో రెండు విద్యాసంస్థలు ఎల్‌ఎస్‌ఈలోనూ సోయాస్‌లోనూ అది జరిగింది.

కాంట్రాక్టు చవక అంటారు. కాంట్రాక్టర్ బిల్లులో అతని లాభం ఉంటుంది, 20 శాతం వ్యాట్ ఉంటుంది. చదువు మీద వ్యాట్ లేదు కాబట్టి యూనివర్సిటీలకు ఆ పన్ను చాలావరకు తిరిగి రాదు. సొంత ఉద్యోగి జీతం మీద అసలు వ్యాటే లేదు. మరి చవక ఎక్కడిది? మా సిక్ పేలో, మా పెన్షన్‌లో మిగిల్చుకున్నదే.

ఇన్‌హౌస్ చేస్తున్నాం, అంటే కాంట్రాక్టర్ లేకుండా నేరుగా తీసుకుంటున్నాం అనగానే సంబరపడిపోకండి. యజమాని మారినప్పుడు వర్తించే టూపే చట్టం ప్రకారం పాత షరతులు మీతోపాటే బదిలీ అవుతాయి, అంతే. మంచి షరతులు వాటంతటవే రావు. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా ఒక అనుబంధ కంపెనీ పెట్టి అందులోకి తీసుకుంటాయి. సంతకం పెట్టే ముందు లెటర్ మీద ఎవరి పేరుందో చూడండి. సిక్ పే ఎన్ని వారాలు, పెన్షన్ లెక్చరర్లకూ ఆఫీసు వాళ్లకూ ఉన్న స్కీమేనా అని యూనియన్ రెప్‌ని పక్కన పెట్టుకుని అడగండి.